ఎక్కడి నుంచి ఒక మెట్టు పైకి?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు తొలిరోజుల్లోనే ఒక వింత ఎదురవుతుంది. ప్రాజెక్టు కోడంతా సర్వర్ నుంచి దింపుకుంటారు. అన్ని ఫోల్డర్లూ వస్తాయి గానీ ఒకటి మాత్రం పేరుకే ఉంటుంది, తెరిస్తే ఖాళీ. పక్క సీటాయన చూసి "అది సబ్‌మాడ్యూల్, అప్‌డేట్ కొట్టు" అంటాడు. కొడితే అలాంటి రిపోజిటరీయే లేదని ఎర్రర్ వస్తుంది. అదే కమాండ్ ఆయన కంప్యూటర్లో చక్కగా పనిచేస్తుంది.

రెండు చోట్లా కోడ్ ఒకటే, సర్వర్ కూడా ఒకటే. తేడా అంతా రెండు చుక్కల్లో ఉంది.

లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో లినక్స్ కెర్నెల్ పనికోసం రాసుకున్న గిట్‌నే ఇవాళ ఎక్కువమంది ప్రోగ్రామర్లు వాడుతున్నారు. ప్రాజెక్టు ఫోల్డర్లో '.గిట్' అనే దాగిన ఫోల్డర్ ఒకటి పెట్టి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఆ చరిత్రంతా అందులో దాస్తుంది. చిక్కల్లా ఒక ప్రాజెక్టు కడుపులో ఇంకో ప్రాజెక్టు ఉన్నప్పుడే. ఉదాహరణకు 'పంచాంగం' అనే యాప్ రాస్తున్నామనుకుందాం. తిథుల లెక్క చేసే కోడ్ 'తిథులు' అనే వేరే రిపోజిటరీలో ఉంది, దాన్ని ఇంకో నాలుగు యాప్‌లు కూడా వాడుకుంటున్నాయి. అలాంటిదాన్ని తెచ్చి పంచాంగంలో ఇమిడ్చే సబ్‌మాడ్యూల్ సదుపాయం 2007లో గిట్ 1.5.3తో వచ్చింది.

ఇమిడ్చినా, పంచాంగం రిపోజిటరీ తిథుల ఫైళ్లను తనలో కలుపుకోదు. మామూలు ఫైలుకు 100644 అని గుర్తు వేసుకునే చోట 160000 అని వేసి, తిథులులోని ఏ కమిట్ (అంటే ఏ దశలోని కోడ్) కావాలో దాని 40 అక్షరాల సంఖ్యను మాత్రం రాసిపెట్టుకుంటుంది. క్లోన్ చేసినప్పుడు, అంటే ప్రాజెక్టును దింపుకున్నప్పుడు, ఖాళీ ఫోల్డర్ రావడానికి కారణం ఇదే. అసలు సరుకు ఎక్కడ దొరుకుతుందన్న చిరునామా '.గిట్‌మాడ్యూల్స్' అనే మరో ఫైల్లో ఉంటుంది. దాన్ని పూర్తిగా రాయొచ్చు, లేదా ../తిథులు అని పొట్టిగా రాయొచ్చు. రెండు చుక్కలంటే ఒక మెట్టు పైకి వెళ్లమని.

పొట్టి చిరునామాతో లాభం ఉంది. ఒకరు ఎస్ఎస్‌హెచ్ మీద దింపుకుంటారు, మరొకరు హెచ్‌టీటీపీఎస్ మీద. రేపు కంపెనీ సర్వర్‌నే మార్చవచ్చు. పూర్తి చిరునామా రాస్తే వీటిలో ఏదో ఒకదానికి తేడా కొడుతుంది. ../తిథులు అని రాస్తే పంచాంగం ఏ దారిన వచ్చిందో తిథులూ ఆ దారినే వస్తుంది. కానీ "రామాలయం పక్క సందులో రెండో ఇల్లు" అనే చిరునామా ఏ ఊళ్లో నిలబడి అడిగితే ఆ ఊరి ఇంటికే తీసుకెళ్తుంది కదా, ఇదీ అంతే.

మరి గిట్ ఏ ఊళ్లో నిలబడి లెక్కపెడుతుంది? మీ డిస్కు మీద పంచాంగం ఫోల్డర్ ఎక్కడుందన్నది దానికి పట్టదు. పంచాంగాన్ని ఏ చిరునామా నుంచి దింపారో, అంటే మామూలుగా 'ఆరిజిన్' అనే పేరుతో గుర్తుపెట్టుకున్న చిరునామా, అక్కడి నుంచి లెక్కపెడుతుంది. పక్క సీటాయన దింపుకున్నది సర్వర్/సంస్థ/పంచాంగం. ఒక మెట్టెక్కితే సర్వర్/సంస్థ/తిథులు వస్తుంది, అది ఉంది. కొత్తగా వచ్చినమ్మాయి రివాజు ప్రకారం ముందు పంచాంగాన్ని తన ఖాతాలోకి ఫోర్క్ చేసుకుని, అంటే సొంత ప్రతి పెట్టుకుని, అక్కడి నుంచి దింపుకుంది. ఆమెకు అదే లెక్క సర్వర్/ఆమెఖాతా/తిథులు అని తేలుతుంది. ఆ ఖాతాలో తిథులు లేనే లేదు.

దీనికి మందు, తిథులును కూడా ఫోర్క్ చేసుకోవడం. లేదా అసలు సంస్థ నుంచే క్లోన్ చేసి, తన ఫోర్క్‌ను రెండో రిమోట్‌గా, అంటే ఆరిజిన్ పక్కన మరో చిరునామాగా, చేర్చుకోవడం. రెండోదే నయమని నా అభిప్రాయం. ఇక్కడ ఇంకో మెలిక. పొట్టి చిరునామాను గిట్ ప్రతిసారీ లెక్కగట్టదు. మొదటిసారి గట్టి, వచ్చిన పూర్తి చిరునామాను మీ కంప్యూటర్లోని కాన్ఫిగ్‌లో రాసేసుకుంటుంది. తర్వాత ఆరిజిన్ మార్చినా పాతదే పట్టుకుని వేలాడుతుంది. 'గిట్ సబ్‌మాడ్యూల్ సింక్' అంటే తప్ప కదలదు.

బ్రౌజర్ లెక్కకు అలవాటుపడినవాళ్లు ఇంకోచోట బోల్తా పడతారు. సర్వర్/సంస్థ/పంచాంగం అనే పేజీలో ../తిథులు అని లింకు ఉంటే, బ్రౌజర్ చివరి ముక్కను ఫైలు పేరుగా తీసి పక్కన పెట్టి, ఆ తర్వాత మెట్టెక్కి సర్వర్/తిథులుకు పోతుంది. గిట్ చివరి ముక్కను ఫోల్డర్‌గా చూస్తుంది కాబట్టి సంస్థ దగ్గరే ఆగుతుంది. అవే చుక్కలు, రెండు గమ్యాలు.

ఈ విషయంలో గిట్ కన్నా ముందునాటి సబ్‌వెర్షనే తెలివిగా వ్యవహరించిందనిపిస్తుంది. 2008లో 1.5 వెర్షన్‌లో సబ్‌మాడ్యూళ్లలాంటి దాని 'ఎక్స్‌టర్నల్స్'కు పొట్టి చిరునామాలు ఇచ్చినప్పుడు, ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో రాసేవాడే గుర్తుతో చెప్పే ఏర్పాటు చేశారు. ../ అంటే ఈ ఫోల్డర్ నుంచి, ^/ అంటే రిపోజిటరీ మొదలు నుంచి, ఒక్క / అంటే సర్వర్ మొదలు నుంచి. చదివేవాడు ఊహించుకోవాల్సిన పని లేదు.

చిరునామా సంగతి అలా ఉంచి డిస్కు మీదికి వద్దాం. దింపుకున్న తిథులు ఫోల్డర్లో .గిట్ అనేది ఫోల్డర్ కాదు, చిన్న టెక్స్ట్ ఫైలు. తెరిస్తే ఒకే ఒక్క లైను ఉంటుంది, "గిట్‌డిర్: ../.గిట్/మాడ్యూల్స్/తిథులు" అని. చరిత్రంతా పంచాంగం తాలూకు .గిట్‌లో ఉంది, అక్కడ చూసుకో అని దానర్థం. అక్కడి కాన్ఫిగ్ ఫైల్లో దీనికి జవాబుగా ../../../తిథులు అని తిరుగుదారి ఉంటుంది. ఈ ఏర్పాటు 2011 చివర్లో వచ్చింది. సబ్‌మాడ్యూల్ లేని బ్రాంచికి మారినప్పుడు ఫోల్డర్ పోయినా చరిత్ర పోకుండా ఉండటానికి చేశారు. మొదట్లో ఈ దారులు డిస్కు మొదలు నుంచి పూర్తిగా రాసి ఉండేవి, ఫోల్డర్‌ను వేరేచోటికి జరిపితే తెగిపోయేవి. 2012లో వాటిని పొట్టివి చేశారు.

అప్పటి నుంచి పంచాంగాన్ని మొత్తంగా ఎక్కడికి జరిపినా ఇబ్బంది లేదు. తిథులును మాత్రమే ఇంకో ఫోల్డర్ లోపలికి మామూలుగా జరిపితే మెట్ల లెక్క తప్పుతుంది. 'గిట్ ఎంవీ'తో జరిపితే అదే సర్దుకుంటుంది. డాకర్ వాడేవాళ్లకు మరో తిప్పలు. కంటెయినర్‌లోకి తిథులును ఒక్కదాన్నే మౌంట్ చేస్తే, ఒక మెట్టు పైన ఉండాల్సిన .గిట్ అక్కడ ఉండదు. ఇది గిట్ రిపోజిటరీయే కాదని సమాధానం వస్తుంది.

మెట్లెక్కమనే ఈ చుక్కలు దొంగలకూ పనికొచ్చాయి. 'మాడ్యూల్స్' కింద ఫోల్డర్‌కు పెట్టే పేరు .గిట్‌మాడ్యూల్స్ ఫైల్లోంచే వస్తుంది. ఆ ఫైలు రాసేది ప్రాజెక్టు తాలూకు మనిషి, మీరు కాదు. పేరు స్థానంలోనే ../ అని రాస్తే? గిట్ దాన్ని నిజంగానే మెట్లుగా ఎక్కి .గిట్ బయట, దాడిచేసేవాడు తన ఫైళ్లు సిద్ధంగా పెట్టుకున్న చోటికి చేరేది. అక్కడ హుక్ అనే స్క్రిప్టు ఉంటే దాన్ని నడిపేది. అంటే సబ్‌మాడ్యూళ్లతో సహా క్లోన్ చేయడమే ఆలస్యం, పరాయి ప్రోగ్రాం మీ కంప్యూటర్లో నడిచేస్తుంది. 2018 మేలో 2.17.1 వెర్షన్ ఈ కన్నాన్ని పూడ్చింది. ఇప్పుడు పేరులో .. అనే మెట్టు కనిపిస్తే గిట్ ఒప్పుకోదు.

ప్రోగ్రామర్లు సొంత కోడ్‌లో రాసుకునే దారులు ఇంకో రకం. తిథులులోని స్క్రిప్టు ../సెట్టింగులు అంటూ పంచాంగంలోకి తొంగిచూస్తే, ఆ తిథులును తెచ్చుకున్న మరో యాప్‌లో అది పగులుతుంది. బయటి ప్రాజెక్టు లోపలిదాని గురించి తెలుసుకోవచ్చు గానీ లోపలిది బయటిదాన్ని ఎరగకూడదు. తప్పనిసరైతే చుక్కలు లెక్కపెట్టడం మాని గిట్‌నే అడగాలి. 'రెవ్-పార్స్' కమాండ్‌కు 'షో-టాప్‌లెవెల్' అని జోడిస్తే ఈ రిపోజిటరీ మొదలు ఎక్కడో, 'షో-సూపర్‌ప్రాజెక్ట్-వర్కింగ్-ట్రీ' అని జోడిస్తే దీన్ని కడుపులో పెట్టుకున్నది ఎక్కడో చెబుతుంది.

ఫోల్డర్ జరిపితే దారులు తెగిపోయే కష్టం సబ్‌మాడ్యూళ్లకు 2012లోనే తీరినా, వాటి అన్నదమ్ముల్లాంటి వర్క్‌ట్రీలకు మాత్రం అప్పుడు తీరలేదు. ఒకే రిపోజిటరీని రెండుమూడు ఫోల్డర్లలో తెరుచుకునే ఈ సదుపాయం 2015లో వచ్చింది. రెండువైపులా పూర్తి దారులే రాసుకునేది కాబట్టి ఫోల్డర్ జరిపినప్పుడల్లా మరమ్మతు కమాండ్ కొట్టాల్సివచ్చేది. 2025 జనవరిలో వచ్చిన 2.48లో పొట్టి దారులు రాసుకునే వీలు కల్పించారు. అయితే అవి అడిగితేనే వస్తాయి. అలా రాసుకున్న రిపోజిటరీ మీద గిట్ ఒక గుర్తు వేస్తుంది, ఆ గుర్తు తెలియని పాత వెర్షన్లు దాన్ని ముట్టుకోవు. టీంలో ఒక్కరు పాత గిట్ వాడుతున్నా ఆ ఆప్షన్ జోలికి పోకపోవడమే మంచిది.