స్ట్రిప్పు చేతికిచ్చే ముందు

మిరపకోతల రోజుల్లో ఓ సాయంత్రం మా సబ్‌సెంటర్‌కి ఒకమ్మాయి వచ్చింది. "నర్సమ్మగారూ, పిల్లలు పుట్టకుండా బిళ్లలున్నాయంట గదా, ఇస్తారా?" అంది. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఏడాది నిండింది. ఆపరేషనంటే భయం. బిళ్లలు వేడి చేస్తాయి, గర్భసంచి పాడవుద్దని అత్తగారు ముందే చెప్పి పంపింది.

ఏఎన్ఎంగా ఇరవై రెండేళ్ల నుంచీ వింటున్న మాటే ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. బిళ్లలు వాడేది నూటికి ఒక్కరు కూడా లేరు. గర్భసంచి పాడవదమ్మా, మానేస్తే మళ్లీ నెల తప్పుతావు అని ఆ అమ్మాయికి చెప్పాను.

మేమిచ్చే మాల-ఎన్ స్ట్రిప్పులో 28 బిళ్లలుంటాయి. తెల్లవి 21, వాటిలోనే హార్మోన్లు. గోధుమ రంగువి ఏడూ ఐరన్ బిళ్లలు, అవి వేసుకునే రోజుల్లోనే నెలసరి వస్తుంది. రోజూ ఒకే వేళకి వేసుకోవాలి. నేను చేరిన కొత్తలో ఒకామె, భర్త లారీ దిగి ఇంటికొచ్చిన రాత్రుల్లో మాత్రమే వేసుకుంది. మూడో నెలకల్లా గర్భం. ఆయన ఊళ్లో లేకపోయినా వేసుకోవాలని నేను విడమరిచి చెప్పలేదు. ఆ తప్పు నాదే.

మొదటి రెండు మూడు నెలలు కొందరికి వికారం, తలనొప్పి, రొమ్ముల సలపరం, మధ్యమధ్యలో మరకలు ఉంటాయి. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. అసలు భయపడాల్సింది రక్తం గడ్డకట్టడానికి. 1960లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి బిళ్లలో ఈస్ట్రోజన్ 150 మైక్రోగ్రాములు, మాల-ఎన్‌లో 30. ఇంత తగ్గినా ప్రమాదం పూర్తిగా పోలేదు. బిళ్లలు వాడని పదివేల మందిలో ఏడాదికి ఒకరి నుంచి ఐదుగురికి గడ్డలు వస్తే, వాడేవాళ్లలో ముగ్గురి నుంచి తొమ్మిది మందికి వస్తాయి. గర్భిణుల్లో అయితే ఐదుగురి నుంచి ఇరవై మంది దాకా. ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, చూపు మసకబారినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

అందుకే స్ట్రిప్పు తీసేముందు బీపీ చూస్తాను. 35 దాటి చుట్టో బీడీయో కాల్చే అలవాటుందా? టీబీ మందు గానీ ఫిట్స్ మందు గానీ వాడుతున్నావా? (వాటిలో కొన్ని బిళ్ల పనిని దెబ్బతీస్తాయి.) పాలిస్తున్న బిడ్డకి ఆరు నెలలు నిండాయా? ఈ చివరి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మా అబ్బాయికి రెండో నెలలో నాకు ఒక క్లినిక్‌లో ఇలాంటి బిళ్లలే రాసిచ్చారు. చూస్తుండగానే పాలు తగ్గిపోయాయి, వాడు రాత్రంతా ఏడ్చేవాడు. ఈస్ట్రోజన్ పాలను తగ్గించగలదని నర్సు ట్రైనింగ్‌లో చదివిన రోజు క్లాసులోనే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అరనిమిషం పట్టే ప్రశ్న అది!

మిరపకోతల అమ్మాయికి బీపీ బాగానే ఉంది. తలనొప్పి వస్తుందా అంటే "ఎండకి ఎవరికి రాదమ్మా" అంది. నొప్పికి ముందు కళ్లముందు మెరుపులు, వంకర గీతలు కనిపిస్తాయా అని మళ్లీ అడిగాను. "మీకెట్టా తెలుసు?" అని నిలబడిపోయింది. అలాంటి పార్శ్వనొప్పి ఉన్నవాళ్లు మాల-ఎన్ వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. స్ట్రిప్పు లోపల పెట్టేశాను.

డాక్టరమ్మకి చూపించి, హార్మోన్లు లేని ఛాయ బిళ్లలు ఇప్పించాను. లక్నోలో మన శాస్త్రవేత్తలు కనిపెట్టిన మందు అది. మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటే. నెలసరి కాస్త ఆలస్యం కావచ్చు, మరీ జాప్యమైతే రమ్మన్నాను. నెలసరి మొదటిరోజు ఆదివారం వచ్చింది కాబట్టి ఆదివారం, బుధవారం వేసుకోవాలి.

"బుధవారం మా ఊరి సంతే," అంది. "అయితే మర్చిపోను."