కొండవీడు: రాతిమీది మాట, జనం నోటి మాట

శ్రీనాథుణ్ణి పాఠం చెప్పేటప్పుడు కొండవీటిని ఒక్క వాక్యంలో దాటేయడం మనకు అలవాటు. ‘రెడ్డిరాజుల రాజధాని’ అంటాం. ఆ రాజధాని దేనిమీద నిలబడిందో అడగం. అది అడగనంతకాలం ఆ కవిత్వాన్ని మనం సగమే చదివినట్టు.

ప్రోలయ వేమారెడ్డి అద్దంకి నుంచి ఏలాడు. అతని కొడుకు అనవోతారెడ్డి రాజధానిని గుంటూరుకు పడమటనున్న కొండవీటికి మార్చాడు. శత్రువు సులభంగా ఎక్కలేని కొండ, పైన వాననీరు నిలిచే చెరువులు, కింద పంటభూములు: కోటకు కావలసినవి ఇవే. పంట ఒక్కటే చాలలేదు. 1358లో మోటుపల్లి రేవులో వర్తకులకు సుంకాల రాయితీలిస్తూ అనవోతారెడ్డి శాసనం వేయించాడు.

ఆ వర్తకం ఫలితం కుమారగిరిరెడ్డి వసంతోత్సవాల్లో కనిపిస్తుంది. కర్పూరాది సుగంధద్రవ్యాలు సమకూర్చినవాడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఏ రాజుకూ కాదు, ఈ సెట్టికే. కావ్యపోషణ కోటగుమ్మం దాటి వర్తకుడి ఇంటికి చేరిందన్నమాట.

పెదకోమటి వేమారెడ్డి కాలంలో శ్రీనాథుడు విద్యాధికారి. రాణి సూరాంబిక తవ్వించిన సంతానసాగరం చెరువును గురించిన ఫిరంగిపురం శాసనం (1409) అతని రచనే. ఆ చెరువుకు రాకుమారుడు రాచవేముడు కాలువ తవ్వించాడని చెప్పే అమీనాబాదు శాసనమూ (1415) అతనిదే. ఇది రాతిమీది మాట.

జనం నోటి మాట వేరు. ఆ రాచవేముడే గద్దెనెక్కి పురిటిసుంకం వేశాడనీ, బిడ్డ పుట్టినా పన్ను కట్టమన్నాడనీ, సహించలేక సవరం ఎల్లయ్య అతణ్ణి పొడిచి చంపాడనీ కథ. దీనికి శాసనం సాక్ష్యం లేదు కనుక కట్టుకథ అని కొట్టెయ్యవచ్చు. కాని శాసనం వేయించే స్తోమత పన్ను కట్టినవాడికి ఎక్కడిది? కాలువ నిజం కావచ్చు, సుంకమూ నిజం కావచ్చు. చెరువు తవ్వించినవారి పేర్లు రాతికెక్కాయి, మట్టితట్ట మోసినవారి పేర్లు ఎక్కలేదు.

1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి కోటను గెలిచాడు. తరువాత గోల్కొండ వచ్చింది. ఏలికలు మారారు, కింద దున్నేవాడు మారలేదు.

శ్రీనాథుణ్ణి తక్కువ చేయమని కాదు. అతని పద్యాన్నీ ఎల్లయ్య కథనూ ఒకే బల్లమీద పెట్టి చదవమని. రెండూ తెలుగే, రెండూ కొండవీడే.