మీకు తెలుసా? బోర్డు వెనక ఏ వైరు ఏదో..!

ఫోను నొక్కితే వెలిగే, నోటిమాటతో ఆరిపోయే స్మార్ట్ స్విచ్‌లను ఇప్పుడు నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా ఇంటికి తెప్పించుకోవచ్చు. కొనడం తేలికే. బోర్డు విప్పాక ఏ వైరు ఏదో పోల్చుకోవడమే అసలు పని. ప్రాణంతో ముడిపడిన పని కాబట్టి ఈ సంగతులు ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలిసి ఉండాలి.

న్యూట్రల్ మీ వీధిలోనే పుడుతుంది

నంద్యాల జిల్లాలోని శ్రీశైలం కుడిగట్టు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 770 మెగావాట్లు. ఒక్కొక్కటి 110 మెగావాట్ల యంత్రాలు 7 ఉన్నాయి. అక్కడ పుట్టిన కరెంటు మూడు ఫేజులుగా బయల్దేరుతుంది. ఊళ్లోకి వచ్చే 11 కేవీ లైనులోనూ మామూలుగా మూడు తీగలే ఉంటాయి. మన ఇంటి న్యూట్రల్ మాత్రం వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలవుతుంది. అందులోని మూడు చుట్టల కొసలను ఒకచోట కలిపి ఎర్త్ చేస్తారు. ఆ కలిసిన చోటే న్యూట్రల్. దానికీ ఫేజుకూ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య దాదాపు 400 వోల్టులు ఉంటాయి.

పాత స్విచ్‌కు న్యూట్రల్‌తో పనిలేదు

మామూలు స్విచ్ ఫేజును కలుపుతుంది, తెంచుతుంది, అంతే. అందుకే చాలా ఇళ్లలో న్యూట్రల్ స్విచ్ దగ్గరికి రాకుండా నేరుగా హోల్డర్‌కు వెళ్తుంది. స్మార్ట్ స్విచ్ సంగతి వేరు. లైటు ఆర్పినా దానిలోని వైఫై చిప్ పనిచేస్తూనే ఉండాలి కాబట్టి చాలా రకాలకు ఫేజుతోపాటు న్యూట్రల్ కూడా కావాలి. మీ బోర్డులో పనిచేసే ప్లగ్ సాకెట్ గానీ, కరెంటు ఉన్నంతసేపూ వెలిగే ఎర్ర ఇండికేటర్ గానీ ఉంటే న్యూట్రల్ ఆ పెట్టెలో ఉన్నట్టే. మెట్ల దగ్గర, బాత్రూం బయట ఒక్క స్విచ్చే ఉన్న పెట్టెలో మాత్రం అది ఉండకపోవచ్చు.

మనకు నలుపు న్యూట్రల్, అమెరికాలో నలుపే ఫేజు

మన ఇళ్లలో అలవాటుగా వస్తున్న పద్ధతిలో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. అమెరికాలో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. బ్రిటన్‌లోనూ ఒకప్పుడు ఎరుపు, నలుపే ఉండేవి. 2004 నుంచి అక్కడ ఫేజుకు గోధుమరంగు, న్యూట్రల్‌కు నీలం వచ్చాయి. అంటే మన దగ్గర ఫేజు మోసే నీలం అక్కడ న్యూట్రల్! డల్లాస్ నుంచి కొడుకు పంపిన స్విచ్‌ను రంగు చూసి కలిపితే ఎంత ప్రమాదమో ఊహించండి. పైగా అమెరికా ఇళ్లలో సరఫరా 120 వోల్టులు. స్విచ్ మీద 230 వోల్టులకు పనికొస్తుందని రాసి లేకపోతే దాన్ని మన గోడకు బిగించకూడదు.

పాత మిద్దెల్లో రంగు సాక్ష్యం చెల్లదు

కొయ్యపట్టీల మీద క్లిప్పులతో వేసిన పాత వైరింగ్‌లో రంగులు మాసిపోయి ఉంటాయి. రబ్బరు తొడుగైతే ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. మరమ్మతుల్లో చేతికందిన వైరు వేసి ఉంటే కొత్త ఇంట్లోనూ ఇదే తిప్పలు. రంగును బట్టి అనుమానించవచ్చు, నిర్ధారణ మాత్రం మల్టీమీటరుతోనే. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 దరిదాపుల్లో, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య అంతే చూపాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య సున్నాకు దగ్గరగా ఉండాలి.

టెస్టర్ వెలిగితే ఫేజే అనుకోవద్దు

న్యూట్రల్ ఎక్కడైనా తెగితే, వేసి ఉన్న బల్బు గుండా ఫేజు అటువైపు వచ్చి న్యూట్రల్ మీద కూడా టెస్టర్ వెలుగుతుంది. ఎలక్ట్రీషియన్లు దీన్నే ‘రిటర్న్ వస్తోంది’ అంటారు. మరో గుర్తు: స్విచ్ ఆపినా టెస్టర్ వెలిగే వైరు సరఫరా ఫేజు. స్విచ్ వేసినప్పుడే వెలిగేది లైటుకు వెళ్లే వైరు. స్విచ్ ఆపినా హోల్డర్‌లో టెస్టర్ వెలుగుతోందంటే స్విచ్‌ను ఫేజుకు కాక న్యూట్రల్‌కు బిగించారేమో చూడాలి. అలాగైతే ముందు దాన్ని సరిచేయించాలి.

మెయిన్ ఆపినా షాక్ కొట్టవచ్చు

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మెయిన్ ఆపగానే అది అందుకుంటుంది. లైట్ల వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. కాబట్టి మెయిన్‌తోపాటు ఇన్వర్టర్ నుంచి వచ్చే సరఫరానూ ఆపాలి. ఆపాక మల్టీమీటరును ముందు కరెంటు ఉందని తెలిసిన చోట, తర్వాత పనిచేసే చోట, మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి చూడాలి. మధ్యలో మీటరు చెడిపోయి సున్నా చూపితే మోసపోకుండా ఉండేందుకే ఈ మూడోసారి.

ఎర్త్‌ను న్యూట్రల్‌గా వాడకూడదు

న్యూట్రల్ దొరకలేదని ఆకుపచ్చ వైరుకు కలిపితే స్విచ్ పనిచేయవచ్చు. కానీ మే నెల ఎండలకు ఎర్త్ గుంత ఎండిపోయినా, ఎర్త్ వైరు ఎక్కడైనా తెగినా, ఆ వైరుతో కలిసి ఉన్న ఫ్రిజ్, గీజర్, వాషింగ్ మెషీన్ లోహపు ఒంటికి కరెంటు రావచ్చు. పక్క సర్క్యూట్ న్యూట్రల్ అరువు తెచ్చుకోవడమూ తప్పే. ఆ రెండు సర్క్యూట్లకు వేర్వేరు ఆర్‌సీసీబీలు (కరెంటు లీకైతే సరఫరా తెంచే పరికరాలు) ఉంటే అవి పడిపోవచ్చు.

ఆర్పిన ఎల్‌ఈడీ మిణుకుమంటుంది

న్యూట్రల్ అక్కర్లేని స్మార్ట్ స్విచ్‌లూ ఉన్నాయి. అవి తమకు కావలసిన కొద్ది కరెంటును బల్బు గుండానే లాక్కుంటాయి. పాత ఫిలమెంట్ బల్బుకు అది లెక్కలోకి రాదు. ఎల్‌ఈడీ మాత్రం ఆ కొద్దిపాటికే మసకగా వెలగవచ్చు, మిణుకుమనవచ్చు. స్విచ్ తయారీదారు సూచించిన బైపాస్ కెపాసిటర్‌ను లైటు దగ్గర పెడితే సరిపోతుంది.

మెట్ల స్విచ్‌కు మూడు స్క్రూలు

కిందా పైనా ఆర్పే టూవే స్విచ్‌లో ఒకటి కామన్, మిగతా రెండూ పై స్విచ్‌కు వెళ్లే జంట వైర్లు. విప్పే ముందే ఫొటో తీసి, ఒక్కో వైరుకు టేపు చుట్టి పేరు రాసుకుంటే తికమక ఉండదు.

చట్టం ఏమంటుంది?

230 వోల్టుల ఇంట్లో బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ మార్చడానికి లైసెన్సు అవసరం లేదని 1956 నాటి విద్యుత్ నిబంధనల్లోనే మినహాయింపు ఇచ్చారు. కొత్తగా న్యూట్రల్ లాగడం అంతకు మించిన పని. అది లైసెన్సు ఉన్న వైరింగ్ కాంట్రాక్టరు చేత చేయించాల్సిందే.

కరెంటు మీటరు దాటాక లోపలున్న వైరింగ్ బాధ్యత మనదే. సర్వీసు వైరులో, వీధి లైనులో తేడా కనిపిస్తే 1912కు ఫోన్ చేయండి. బోర్డు లోపల ఒక్క వైరు మీద అనుమానం ఉన్నా మూత బిగించేసి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.