నరికిన వెంటనే జామాయిల్ దుంగ ఎందుకు చీలుతుంది?

జామాయిల్ తోటలో చెట్టు నరికిన కాసేపటికే, దుంగ కోసిన ముఖం మీద సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. నడిమధ్యలో మొదలైన ఆ గీత రెండు మూడు పాయలుగా విడిపోయి బెరడు వైపు సాగుతుంది. కొన్ని దుంగల్లో ‘టప్’మన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. మర్నాటికి ఆ చీలికలో నాణెం పట్టేంత సందు ఏర్పడవచ్చు. ఎండకు పగిలిందని కొందరంటారు, కోత సరిగా పడలేదని మరికొందరంటారు. కానీ అప్పటికి చెక్కలో తడి ఇంకా ఆరనే లేదు. ఆ దుంగను చీల్చిన బలం చెట్టు బతికున్నన్నాళ్లూ దాని లోపలే పోగుపడుతూ వచ్చింది.

కాగితం మిల్లుకు వెళ్లే కర్రకు ఈ చీలికతో నష్టం లేదు. గుజ్జు తీసేముందు దాన్ని ఎలాగూ చిన్న ముక్కలుగా కొడతారు. అదే దుంగను తలుపులకో, బల్లలకో పలకలుగా కోయాలంటే మాత్రం చీలిక మేరకు కలప వృథా అవుతుంది. చేతికొచ్చిన పలకలు కూడా విల్లులా వంగిపోతాయి. గుజ్జు కర్రగా టన్నుల లెక్కన అమ్ముకోవడానికీ, కోత కలపగా ఘనపుటడుగుల లెక్కన అమ్ముకోవడానికీ మధ్య రైతుకు వచ్చే ధరలో చాలా తేడా ఉంటుంది. ఆ తేడాకు అడ్డుపడుతున్న కారణాల్లో ఈ చీలిక ముఖ్యమైనది.

నంది కొండల నుంచి గోదావరి తీరానికి

యూకలిప్టస్ ప్రధానంగా ఆస్ట్రేలియాకు చెందిన చెట్టు. దీనిలో 700కు పైగా జాతులున్నాయి. మన దేశంలో దీన్ని మొదట 1790 ప్రాంతంలో బెంగళూరు సమీపంలోని నంది కొండల మీద నాటారని చెబుతారు. 1843 నుంచి నీలగిరుల్లో వంటచెరకు కోసం పెంచడం మొదలైంది. ‘నీలగిరి చెట్టు’ అన్న పేరు అలా వచ్చిందే. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది దీన్ని జామాయిల్ అంటారు.

కలప పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును వీలైనంతవరకు రైతుల పొలాల నుంచే సమకూర్చుకోవాలని 1988 నాటి జాతీయ అటవీ విధానం సూచించింది. ఆ తర్వాత 1990ల్లో భద్రాచలం ప్రాంతపు కాగితం మిల్లు ఎంపిక చేసిన చెట్ల నుంచి కొమ్మ మొక్కలు తయారుచేసి రైతులకు ఇవ్వడం ప్రారంభించింది. ‘భద్రాచలం క్లోన్లు’గా పేరుపడిన ఈ మొక్కలు ఇతర రాష్ట్రాలకూ చేరాయి. త్వరగా పెరగడం, నిటారుగా ఉండటం, తెగుళ్లను తట్టుకోవడం, గుజ్జు ఎక్కువగా ఇవ్వడం వంటి లక్షణాలకు ఈ ఎంపికలో ప్రాధాన్యం దక్కింది. దుంగ చీలుతుందా లేదా అన్నది గుజ్జు కర్రకు అవసరమైన ప్రశ్న కాదు.

మాను లోపలి బిగువు

చెట్టు లావెక్కేది బెరడు కింద ఉండే పలుచని పొర వల్ల. వృక్షశాస్త్రంలో దీన్ని విభాజ్య కణావళి అంటారు. ఇది లోపలి వైపు ఎప్పటికప్పుడు కొత్త చెక్క కణాలను తయారుచేస్తుంది. ఈ కణాల గోడల్లో సెల్యులోజ్ పోగులు దాదాపు నిలువుగా పేర్చుకుంటాయి. వాటి మధ్య ఖాళీల్లో లిగ్నిన్ చేరి గోడ గట్టిపడుతుంది. ఇలా గట్టిపడే దశలో ప్రతి కణమూ పొడవులో కొద్దిగా కుంచించుకోవాలని చూస్తుంది. అయితే దాన్ని అంటిపెట్టుకున్న లోపలి పాత చెక్క అప్పటికే గట్టిపడి ఉంటుంది. అది కొత్త కణాన్ని కుంచించుకోనివ్వదు. దాంతో కొత్త పొర లాగి కట్టిన తాడులా బిగుసుకుపోతుంది.

ఆ బిగువు లోపలి చెక్కను నొక్కుతుంది. మరుసటి పొర వచ్చినప్పుడు అది మరికాస్త నొక్కుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ మాను వెలుపలి భాగమంతా లాగినట్టు, నడిమి భాగమంతా నొక్కినట్టు తయారవుతుంది. భౌతికశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, వెలుపల తన్యత, లోపల సంపీడనం. ఈ అంతర్గత బలాలనే పెరుగుదల ప్రతిబలాలు అంటారు. ఆస్ట్రేలియా అటవీ శాస్త్రవేత్త ఎం. ఆర్. జేకబ్స్ 1930, 40లలో వీటి మీద విస్తృతంగా పరిశోధన చేశారు. 1959లో హాన్స్ క్యూబ్లర్ దీనికి ఒక గణిత నమూనా ఇచ్చారు. దాని ప్రకారం కేంద్రం నుంచి వ్యాసార్ధంలో సుమారు 60 శాతం దూరంలో ప్రతిబలం సున్నా అవుతుంది. అంటే 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న మానులో, నడిమి నుంచి 6 సెంటీమీటర్ల వరకు చెక్క నొక్కుడులో ఉంటుంది, ఆ పైనున్నది లాగుడులో ఉంటుంది. పెద్ద మానుల్లో నడిమి నొక్కుడు ఎంత పెరుగుతుందంటే, అక్కడి పోగులు నలిగి చెక్క పెళుసుబారుతుంది.

ఈ బిగువు చెట్టుకు అవసరమే. పచ్చి చెక్కను నిలువుగా లాగితే బాగా ఓర్చుకుంటుంది. నొక్కితే అందులో సగం బలాన్నే తట్టుకోగలదు. గాలికి మాను వంగినప్పుడు ఒక పక్క లాగుడుకు, మరో పక్క నొక్కుడుకు గురవుతుంది. నొక్కుడు పడే పక్క ముందే బిగుసుకుని ఉంటే, గాలి మొదట ఆ బిగువును తీర్చాకే అక్కడి పోగులను నొక్కగలదు. వంతెనలకు వాడే ముందస్తు బిగింపు కాంక్రీటులోనూ ఇదే ఉపాయం ఉంది, కాకపోతే తిరగేసి. కాంక్రీటు లాగుడుకు బలహీనం కాబట్టి ఇంజనీర్లు దాన్ని ఇనుప తీగలతో ముందే నొక్కి ఉంచుతారు.

రంపం పడ్డాక

నిలబడి ఉన్నంతకాలం ఈ రెండు బలాలూ ఒకదాన్నొకటి సరితూచుకుంటాయి. రంపం అడ్డంగా పడగానే ఆ చివర పోగులకు పట్టు పోతుంది. వెలుపలి పోగులు వెనక్కి ముడుచుకుంటాయి, నడిమి పోగులు ముందుకు పొడుచుకొస్తాయి. దాంతో దుంగ చివరి భాగం రేకుల్లా బయటికి విచ్చుకోవాలని చూస్తుంది. ఉల్లికాడ చివరను నిలువుగా చీల్చి నీళ్లలో వేస్తే పాయలు బయటికి వంకర తిరుగుతాయి. అక్కడ బిగువుకు కారణం కణాల్లోని నీటి ఒత్తిడి. కారణం వేరైనా, వెలుపల లాగుడు, లోపల నొక్కుడు అన్న అమరిక మాత్రం ఒకటే. చెక్కను పోగులకు అడ్డంగా లాగితే, నిలువుగా ఉన్న బలంలో పదో వంతు కూడా ఉండదు. అందుకే నడిమి నుంచి నక్షత్రం ఆకారంలో పగుళ్లు వస్తాయి.

ఆ బలం ఎంతో చిన్న లెక్కతో అంచనా వేయవచ్చు. వెలుపలి చెక్కకు పట్టు వదిలితే దాని పొడవులో 0.08 శాతం తగ్గుతుందనుకుందాం. యూకలిప్టస్‌లో ఇది అసాధారణమైన విలువేమీ కాదు. 3 మీటర్ల దుంగలో ఈ తగ్గుదల 2.4 మిల్లీమీటర్లే. చెక్క యంగ్ గుణకాన్ని 12,000 మెగాపాస్కల్‌లుగా తీసుకుంటే, ప్రతిబలం 9.6 మెగాపాస్కల్‌లు వస్తుంది. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 కిలోల బరువు వేలాడదీసినంత లాగుడు.

ఎండకు వచ్చే పగుళ్లు ఇవి కావు. చెక్కలో తేమ సుమారు 30 శాతం కంటే తగ్గాకే కుంచించుకోవడం మొదలవుతుంది. అప్పుడది వలయాల వెంబడి ఎక్కువగా, వ్యాసార్ధం వెంబడి దాదాపు సగమే కుంచించుకుంటుంది. ఆ తేడా వల్ల వచ్చే పగుళ్లకు రోజులూ వారాలూ పడుతుంది. దుంగ చివర్లకు మైనం, రంగు పూయడం వీటిని తగ్గిస్తుంది. పెరుగుదల ప్రతిబలం వల్ల వచ్చే చీలికను మాత్రం పూత ఆపలేదు.

ఏం చేయవచ్చు?

దుంగ చివర్లలో ఎస్ ఆకారపు ఇనుప కొక్కీలు దిగ్గొట్టడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. అది చీలికను పెరగనివ్వకుండా పట్టి ఉంచుతుంది, లోపలి బలాన్ని తీసేయదు. పచ్చి దుంగలను ఆవిరితో వేడి చేస్తే లిగ్నిన్ మెత్తబడి బిగువు కొంత సడలుతుంది, అయితే ఇంధనం ఖర్చవుతుంది. నరకడానికి ముందే మాను చుట్టూ బెరడు ఒలిచి చెట్టును నిలువునా ఎండనిచ్చే పద్ధతిలో ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు.

కోత మిల్లులో మెలకువ కూడా అక్కరకొస్తుంది. దుంగను ఒకవైపు నుంచే వరసగా కోస్తూ పోతే బలాల తూకం చెడి, మిగిలిన దుంగ వంగుతుంది. ఒక పలక ఇటు, ఒక పలక అటు చొప్పున ఎదురెదురు వైపుల నుంచి తీస్తే వంపు తగ్గుతుంది. దుంగ లావూ ముఖ్యమే. సన్నని దుంగలో ఎక్కువ లాగుడు నుంచి ఎక్కువ నొక్కుడుకు మార్పు కొద్ది సెంటీమీటర్లలోనే జరిగిపోతుంది కాబట్టి పలకలు ఎక్కువగా వంగుతాయి. నాలుగైదేళ్లకే నరికే గుజ్జు కర్ర తోటలోని చెట్లు కోత కలపకు అనువుగా ఉండకపోవడానికి ఇదొక కారణం. పక్కకు ఒరిగి పెరిగిన చెట్టులో పైవైపు చెక్క మరింత బిగుసుకుంటుంది. అందువల్ల నిటారు చెట్లను కోతకు ఉంచి, ఒరిగినవాటిని ముందే గుజ్జుకు పంపడం మేలు.

అన్నిటికన్నా ఆశ కలిగిస్తున్నది మొక్కల ఎంపిక. ఒకే తోటలో, ఒకే వయసు చెట్ల మధ్య కూడా ఈ బిగువులో చాలా తేడా ఉంటుంది. ఆ తేడాలో కొంత వంశపారంపర్యంగా వచ్చేదే. బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ పరిశోధకులు మన దగ్గర పెరిగే యూకలిప్టస్ టెరెటికార్నిస్ క్లోన్లను కోత కలప లక్షణాల దృష్టితో పరిశీలించారు. నిలబడి ఉన్న చెట్టు మీద కూడా ఈ కొలత తీయవచ్చు. బెరడు తీసిన చోట ఒకదాని కింద ఒకటిగా రెండు సూదులు గుచ్చి, మధ్యలో రంధ్రం తొలిచి, సూదుల మధ్య దూరం ఎంత మారిందో చూస్తారు.

న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకా తేలికైన పరీక్ష రూపొందించారు. లేత మొక్క కాండాన్ని నడిమి గుండా నిలువుగా రెండు బద్దలుగా కోస్తారు. బద్దలు ఎంత దూరం విచ్చుకుంటే లోపల బిగువు అంత ఎక్కువన్నమాట. తోట చేతికొచ్చేదాకా ఏళ్ల తరబడి ఆగకుండానే ఏ రకం కోత కలపకు పనికొస్తుందో, ఏది గుజ్జుకే సరిపోతుందో దీంతో తొలి అంచనా వేయవచ్చు.

మన దేశం ఏటా పెద్ద మొత్తంలో కలప దిగుమతి చేసుకుంటోంది. మరోవైపు రైతుల పొలాల్లోని జామాయిల్‌లో చాలా భాగం గుజ్జుకే పోతోంది. ఎకరానికి ఎన్ని టన్నులు వస్తుందన్న ప్రశ్నతో పాటు, ‘కోస్తే ఎంత విచ్చుకుంటుంది?’ అన్న ప్రశ్న కూడా నర్సరీ దశలోనే వేయగలిగితే, అదే పొలంలో పెరిగిన చెట్టుకు రైతు మరో ధర అడగవచ్చు.