చవక సబ్బు – అసలు ఖరీదు

కాస్మెటిక్ ఛార్జీలు చేతికి రాగానే మనం ముందుగా చూసేది సబ్బు ధర. ఉన్న డబ్బును బట్టి కొనడంలో తప్పు లేదు. అయితే ఆ సరుకు ఎన్నాళ్లు వస్తుందో, దేన్ని పాడు చేస్తుందో కూడా లెక్క వేస్తేనే అది చవకో కాదో తేలుతుంది.

లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. 10 రూపాయల సబ్బు 8 రోజులకే కరిగిపోతే నెలకు నాలుగు కావాలి, అంటే 40 రూపాయలు. 15 రూపాయల సబ్బు 15 రోజులు వస్తే నెలకు 30 రూపాయలే. ఒంటి సబ్బు అట్ట మీద టీఎఫ్ఎం అని ఉంటుంది. అది సబ్బులోని కొవ్వు పదార్థం శాతం. భారతీయ ప్రమాణాల ప్రకారం మొదటి గ్రేడుకు కనీసం 76, మూడో గ్రేడుకు 60 ఉండాలి. కొనేముందు ధరతో పాటు ఆ అంకె, బరువు చూడండి.

బట్టల సంగతి వేరు. బోరునీళ్లు చాలా చోట్ల కఠిన జలమే. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలతో కలిసి సబ్బు తెట్టు కడుతుంది, నురగ రాదు. ఎంత రుద్దినా సబ్బు అరుగుతుందే తప్ప మురికి వదలదు. వీలైతే నల్లా నీళ్లు, వాన నీళ్లు వాడాలి. సోడా ఎక్కువైన చవక పొడులతో చేతులు పగులుతాయి, మంట పుడుతుంది.

ఇక బాత్‌రూమ్ యాసిడ్. బ్రష్‌తో రోజూ రుద్దితే పోయే మురికికి అది గోటితో పోయేదానికి గొడ్డలి వాడినట్టే. యాసిడ్ సిమెంటు గచ్చును తినేస్తుంది. బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఈ రెండింటినీ ఎప్పుడూ కలపకండి. 18 ఏళ్లలోపు వారికి యాసిడ్ అమ్మకూడదని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

లూజు ఫినాయిల్ నీళ్లలో తెల్లగా మారితే మంచిదనుకుంటాం. నూనె బిందువులు నీటిలో చెదరడం వల్ల వచ్చే తెలుపు అది. క్రిములు చస్తాయనడానికి రుజువు కాదు. దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెడితే చిన్న పిల్లలు తాగే ప్రమాదముంది. సీసా మీద పేరు రాసి, అందనంత ఎత్తులో పెట్టండి.

నలుగురు కలిసి మంచి సరుకు పెద్ద ప్యాకెట్ కొని పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది. పది రూపాయలు మిగిలాయని సంతోషించేలోపే వంద రూపాయల మందు కొనాల్సి వస్తే, అది మన తల్లిదండ్రుల కూలి డబ్బే కదా!