ఉబ్బసం: న్యూజిలాండ్ నేర్చుకున్న పాఠం

ఆయాసం తగ్గడం వేరు, వ్యాధి అదుపులోకి రావడం వేరు. ఈ భేదాన్ని న్యూజిలాండ్ ఎందరి ప్రాణాలనో పోగొట్టుకుని గ్రహించింది.

1976లో ఫెనోటెరాల్ అనే ఇన్‌హేలర్ మందు ఈ దేశంలో ప్రవేశించింది. అది క్షణాల్లో ఊపిరాడేటట్లు చేసేది. కాని పదేపదే పీల్చితే గుండెకు శ్రమ కలిగించేది. ఆ తరువాత ఉబ్బస మరణాలు ఇక్కడ అసాధారణంగా పెరిగాయి. వెల్లింగ్టన్ పరిశోధకులు జూలియన్ క్రేన్, నీల్ పియర్స్, రిచర్డ్ బీస్లీ ప్రభృతులు 1989లో 'లాన్సెట్' పత్రికలో ఆ మందుకూ మరణాలకూ గల సంబంధాన్ని వెల్లడించారు. దాని వాడకం పరిమితం కాగానే మరణాలు తగ్గుముఖం పట్టాయి.

ఉబ్బసంలో శ్వాసనాళాల కండరాలు బిగుసుకోవడమే కాక, లోపలి పొర వాచి ఉంటుంది. నేడు వాడే నీలి ఇన్‌హేలర్, అనగా సాల్బ్యుటమాల్, కండరాలను సడలిస్తుందే కాని వాపును తగ్గించదు. వాపును అణచేది స్టెరాయిడ్ ఇన్‌హేలర్. ఆ పేరు వినగానే మన పెద్దలు జంకుతారు. అయితే పీల్చే మోతాదు స్వల్పం, అది నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది. పీల్చిన పిదప నోరు పుక్కిలిస్తే చాలు. అందుకే 2020 నాటి న్యూజిలాండ్ వైద్య మార్గదర్శకాలు పన్నెండేళ్లు దాటినవారికి ఉపశమనమూ వాపు నివారణా కలిసిన బుడెసోనైడ్-ఫార్మోటెరాల్‌కు ప్రాధాన్యమిచ్చాయి.

మీ ఇంట నీలి ఇన్‌హేలర్ తరచు అవసరమవుతున్నదా? వైద్యుణ్ణి సంప్రదించండి. మందు పీల్చినా మాట పెగలనంత ఆయాసముంటే తెల్లవారేదాకా ఆగవద్దు; వెంటనే 111కు ఫోన్ చేయండి.