'మాతృభాష' గడిలో ఏం రాయాలి?

రాప్తాడు వైపు మన ఇళ్లల్లో ఒకే పూట మూడు భాషలు వినిపిస్తాయి. అమ్మీ పిల్లల్ని దక్కనీలో పిలుస్తుంది, అంగట్లో బేరం తెలుగులో సాగుతుంది, బడి పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. దూదేకుల కుటుంబాల్లో చాలామందికి ఇంట్లోనూ తెలుగే. అందుకే ఫారంలో 'మాతృభాష' గడి దగ్గర చెయ్యి ఆగిపోతుంది. "ఏదో ఒకటి రాసేయ్‌లే" అంటాం. కానీ అది చిన్న గడి కాదు.

మాతృభాష అంటే జనగణన లెక్కలో మతాన్ని బట్టి చెప్పేది కాదు. చిన్నప్పుడు తల్లి మనతో మాట్లాడిన భాష. ఇంట్లో తెలుగైతే తెలుగని, ఉర్దూ అయితే ఉర్దూ అని చెప్పొచ్చు. రెండింటిలో దేనికీ సిగ్గుపడక్కర్లేదు. 2011లో దీనితోపాటు తెలిసిన మరో రెండు భాషలూ అడిగారు. దేశంలో ఉర్దూ మాతృభాష అన్నవాళ్లు 2001లో 5.15 కోట్లు, 2011లో 5.07 కోట్లు. జనాభా పెరిగినా ఈ అంకె తగ్గింది.

దీంతో మనకేం పని అంటారా? రాజ్యాంగంలోని 350ఏ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలంటుంది. తరగతిలో 10 మంది, లేదా బడిలో 40 మంది పిల్లలుంటే ఆ భాషకు టీచర్‌ని పెట్టాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం ఒప్పుకుంది. అంటే అడగడానికి ముందు లెక్క ఉండాలి. 2022లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష అయింది. కాగితం మీది హక్కు బడిదాకా రావాలంటే మనం రాసేది నిజమై ఉండాలి.

ఇక ఇంగ్లీషు. 2019 నవంబరులో ప్రభుత్వం 1 నుంచి 6వ తరగతి దాకా ఇంగ్లీషు మీడియం అంది, తెలుగు లేదా ఉర్దూ ఒక సబ్జెక్టుగా తప్పనిసరి అంది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అయినా మన ఆశ మారలేదు. బెంగళూరు రోడ్డు మన ఊరి మీదుగానే పోతుంది, ఉద్యోగానికి ఇంగ్లీషు కావాల్సిందే. కానీ ఇంగ్లీషు మీడియంలో చేరడం వేరు, ఇంగ్లీషు రావడం వేరు. అమెరికా జనగణన బ్యూరో తన సర్వేలో ఇంట్లో ఇంగ్లీషు కాక వేరే భాష మాట్లాడేవాళ్లను ఇంగ్లీషు ఎంత బాగా వస్తుందని నాలుగు మెట్లలో అడుగుతుంది: చాలా బాగా, బాగా, అంతంత మాత్రం, అసలు రాదు. మన ఇంట్లోనూ అదే అడగొచ్చు.

పాఠం ఒక పేరా గట్టిగా చదివించండి. పుస్తకం మూసి, "ఇందులో ఏముంది రా, ఇంటి భాషలో చెప్పు" అనండి. చెప్పగలిగితే అర్థమైనట్టే. గడగడ చదివి చెప్పలేకపోతే, అది నోటికి వచ్చిన చదువే. అప్పుడు టీచర్‌ని కలిసి మాట్లాడాలి. దానికి ఇంగ్లీషు రానక్కర్లేదు, అమ్మీ కూడా చేయొచ్చు.